గొలుసు పట్టినోడే గెట్టు రాసిండు

(పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రైతులు, విద్యార్థులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి మాట్లాడుమని మమ్ముల పిలిచిన్రు. భూమి గురించి మాకంటే ఎక్కువ తెలిసినోళ్ళు ఈ పందిరి కిందనే ఉన్నరు. దున్నినోళ్ళున్నరు, పోగొట్టుకున్నోళ్ళున్నరు, భూమి కోసం జైలుకు పోయొచ్చినోళ్ళున్నరు. అందుకని మేం భూమి గురించి కాదు, భూమిని కొలిచిన ఆఫీసు గురించి మాట్లాడుతం. సర్వే ఆఫీసు అంటే ఏంది, ఎప్పుడు పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, ఇన్నేండ్లల్ల ఏం చేసింది, ఏం చెయ్యలే. గీ ముచ్చటే చెప్తం.

తహశీల్ కచ్చేరీలో అందరికీ తెలిసిన మొకం తహశీల్దారుది. పక్క గదిలో మ్యాపుల కట్టల నడుమ కూసునే సర్వేయరును ఎవరూ పట్టించుకోరు. గెట్టు పంచాయితీ పడేదాకా ఆయనతోని పనే ఉండదు. పంచాయితీ పడ్డనాడు చలానా కట్టి, ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టుకొని, ఎప్పుడొస్తడా అని తొవ్వ చూస్తం. ఆయనొచ్చి రాయి పాతిపోతే అదే ఆఖరి మాట. మరి ఆ రాయికి ఆధారం ఏంది? ఒక పాత కాయితం. ఆ కాయితం ఎవరు రాసిన్రు? ఎవరిని అడిగి రాసిన్రు? రాసిననాడు మన తాతలు ఆడ ఉన్నరా? గీ ప్రశ్నలు అడగకుండా రాయి కాడ ఎంత కొట్లాడినా ఫాయిద లేదు.

సర్బస్తా పోయి సర్వే వచ్చింది

1853లో సాలార్‌జంగ్ దివాన్ అయిననాటికి నిజాం ఖజానా ఖాళీ. శిస్తు వసూలు గుత్తదారుల చేతిలో ఉండేది. సర్కారుకు ఇంత కడతనని గుత్త పట్టుడు, రైతు కాడ చేతనైనంత గుంజుడు. సాలార్‌జంగ్ ఈ పద్ధతిని మార్చెతందుకు 1865లో జిలాబందీ తెచ్చిండు. రాజ్యాన్ని జిల్లాలుగ, తాలూకాలుగ విడగొట్టి, జీతం మీద పనిచేసే అధికారులను పెట్టిండు. మన దిక్కు ఎలగందుల జిల్లా అప్పటిదే. 1905లో దాని పేరు కరీంనగర్ జిల్లా అయింది.

జిల్లా పెట్టినంత మాత్రాన శిస్తు తేలదు. ఎవరి కాడ ఎంత భూమి ఉన్నదో, అది ఏ రకమో తెలిస్తేనే శిస్తు కట్టుడు. దానికోసమే 1870ల దశకంలో సర్వే, బందోబస్తు పని మొదలైంది. ముందు మరాఠ్వాడాలో, తర్వాత తెలంగాణలో. ఇయ్యాల బందోబస్తు అంటే మనకు పోలీసులే యాదికొస్తరు. ఆనాడు బందోబస్తు అంటే శిస్తు ఖరారు చేసుడు. పేరులోనే ఉన్నది చూడుండ్రి: కొలుసుడు శిస్తు కోసం. న్యాయం కోసం కాదు.

అంతకుముందు మన నేల మీద కొలతలు జరగలేదా అంటే జరిగినయ్. కంపెనీ సర్కారు తరఫున లాంబ్టన్ అనే ఇంగ్లీషాయన 1802లో మద్రాసు కాడ మొదలుపెట్టి, గుట్టల మీద దుర్బీన్లు పెట్టి దేశాన్ని త్రిభుజాలుగ కొలుసుకుంట నిజాం రాజ్యం మీదుగ ఉత్తరానికి పోయిండు. 1823లో వార్ధా దిక్కు హింగన్‌ఘాట్‌లో చనిపోయిండు. అది గొప్ప శాస్త్రమే, కాదనం. కని ఆ సర్వే దేశం ఎంత పొడుగున్నదో చెప్పింది గని చెల్క ఎవరిదో అడగలే. చెల్కలోకి దిగింది సాలార్‌జంగ్ పెట్టిన సర్వేనే.

33 అడుగులు, 16 అణాలు

ఎట్ల కొలిచిన్రో జర తెలుసుకుందాం. ఎందుకంటే ఆ కొలతే ఇయ్యాల్టికీ మన పాసుపుస్తకంలో ఉన్నది.

నిజాం సర్కారు బొంబాయి ప్రెసిడెన్సీ పద్ధతి పట్టుకున్నది. గొలుసు పొడుగు 33 అడుగులు. రూపాయికి 16 అణాలున్నట్టే గొలుసుకూ 16 అణాలు. గొలుసంత పొడుగు, గొలుసంత వెడల్పు ఉన్న జాగ ఒక గుంట. అంటే 1,089 చదరపు అడుగులు, మన లెక్కలో 121 గజాలు. 40 గుంటలైతే ఎకరం. అటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఎకరానికి 100 సెంట్లు. కోస్తాలో సెంటు, మన తాన గుంట అయింది గందుకే. రెండు రాజ్యాలు, రెండు గొలుసులు.

చేను నడుమ నుంచి ఒక ఆధార రేఖ గీస్తరు. క్రాస్ స్టాఫ్ అని ఒక పనిముట్టు ఉంటది. దాంట్ల నుంచి చూస్తే రేఖకు లంబంగ ఏది ఉన్నదో తెలుస్తది. ఆ రేఖ మీది నుంచి చేను మూలమూలకు లంబం కొలుస్తరు. చేను త్రిభుజాలుగ, ట్రపీజియాలుగ ముక్కలైతది. ముక్కల లెక్కలు కలిపితే విస్తీర్ణం. ఈ కొలతలన్నీ ఎక్కించిన పటమే టిప్పన్. సర్వే నంబరుకొక టిప్పన్. ఊరి సర్వే నంబర్లన్నీ ఒక్కతాన చూపే పటం నక్షా. నంబరు, విస్తీర్ణం, నేల రకం, శిస్తు, పట్టాదారు పేరు రాసిన పట్టిక సేత్వార్. టిప్పన్, నక్షా, సేత్వార్ ఈ మూడే మన భూమికి తల్లి కాయితాలు. తర్వాత వచ్చిన పహాణీలు, పాసుపుస్తకాలు, కంప్యూటర్ ప్రింట్లు అన్నీ వీటి పిల్లలే.

పొడుగు, వెడల్పులతోని పని అయిపోలే. నేలకు రకం కట్టిన్రు. వానకు పండేది ఖుష్కి, చెరువు కింద పండేది తరి, తోటది బాగాత్. చేన్ల బండ, వాగు, బాట ఉంటే అది పోట్ ఖరాబ్, దానికి శిస్తు లేదు. పశువులు మేసే జాగ గైరాన్. చెరువు మునక శిఖం. ఎవరి పేరునా లేనిది ఖారిజ్ ఖాతా. ఇయ్యాల మన ఊర్లల్ల కోట్ల రూపాయల పంచాయితీలు నడిచే భూములన్నీ ఈ పాత మాటల్లనే ఉన్నయ్. మాట తెలియనోడు భూమి పోగొట్టుకుంటడు.

అడిగిన ప్రశ్న ఏంది?

ఇంత కష్టపడి కొలిచిన్రు గదా, మరి లోపం ఏడున్నది? కొలతలో కంటే అడిగిన ప్రశ్నలోనే ఎక్కువున్నది. సర్వే అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ నంబరు శిస్తు ఎవరు కడతరు? ఎవరు దున్నుతరని అడగలే. శిస్తు కడతననే శక్తి ఎవరికున్నది? దొరకు, దేశ్‌ముఖ్‌కు, పటేలుకు, పట్వారికి. పెద్ద దస్త్రమంత ఉర్దూలో. అది చదివి, రాసి, చెప్పేది పట్వారి. ఆ కొలువు కూడా వంశపారంపర్యం. ఊరు మొత్తానికి ఒక్కడే కండ్లున్నోడు, మిగిలినోళ్ళంత చెవులతోనే బతికిన్రు.

సర్వే, సెటిల్‌మెంట్ జరిగిన కాలంలోనే దేశ్‌ముఖ్‌లు, ఊరి పెద్దలు తరతరాలుగ రైతులు దున్నుతున్న మంచి భూములను తమ పేర ఎక్కించుకున్నరని, రైతులకు తెలిసేసరికి వాళ్ళు తమ చేన్లల్ల తామే కౌలుదార్లయిన్రని సాయుధ పోరాట చరిత్ర రాసిన పుచ్చలపల్లి సుందరయ్య మొదలు చాలమంది రాసిన్రు. కత్తి పట్టి గుంజుకున్నది కొంత. కలం పట్టి గుంజుకున్నది ఎక్కువ.

ఇంకొక సంగతి. సర్కారు అధికారి ఊరికి దిగితే కట్టెలు, గడ్డి, పాలు, కోళ్ళు మోసుడు, సామాన్లు పక్క ఊరికి చేర్చుడు ఆనాటి వెట్టి. భూమి కొలిచే అధికారి వచ్చినా అంతే. ఎవరి తాతలు ఆ మూటలు మోసిన్రో వాళ్ళ పేర్లే సేత్వార్లో లేవు. ఆడోళ్ళ పేర్లు అయితే ఏండ్ల తరబడి ఎతికినా దొరకవు.

ఇది దివానీ ఊర్ల కథ, అంటే సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసే ఊర్లది. రాజ్యంలో దాదాపు 40 శాతం భూమి దివానీకి బయట ఉండేది. కొంత నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్, మిగిలింది జాగీర్లు, మక్తాలు, ఇనాములు. చాల జాగీరు ఊర్లల్ల సరైన సర్వేనే లేదు. జాగీరుదారు నోటిమాటే నక్షా.

పోడి తెలిసినోళ్ళకు పోడు తెల్వలే

ఇగ ఆదిలాబాద్ అడవికి పోదాం. సర్వే ఆఫీసు లోపాన్ని అర్థం చేసుకునెతందుకు ఇంతకంటే మంచి జాగ లేదు.

సర్వే ఆఫీసులో 'పోడి' అని ఒక మాట ఉన్నది. ఒక సర్వే నంబరును ముక్కలు చేసి, ముక్కముక్కకు హద్దు కట్టుడును పోడి అంటరు. గుట్ట మీద 'పోడు' ఉన్నది. చెట్టు నరికి, కాల్చి, గింజ చల్లి, నేల అలిసినంక దాన్ని వదిలి ఇంకోతాన చేసే సాగు. అక్షరంలో తేడా చిన్నది. బతుకులో తేడా పెద్దది. ఒకటి హద్దు గీస్తది. ఇంకోటి హద్దు లేకుండ బతుకుతది.

కొలాములు, నాయకపోడులు గుట్టల వాలుల మీద పోడు కొట్టేటోళ్ళు. గోండులు నాగలి కట్టినోళ్ళే. కని తేలిక నేలలను కొన్నేండ్లు దున్ని, కొన్నేండ్లు పడావు పెట్టేది వాళ్ళ పద్ధతి. నేలకు ఇచ్చే ఆరామం అది. గొలుసు వచ్చిననాడు పడావున్న చేను బీడు లెక్క కనపడ్డది. దున్నుతలేరు గనుక ఎవరిదీ కాదన్నరు, సర్కారీ అని రాసిన్రు. సర్కారీ అని రాసినంక కచ్చేరీ తొవ్వ తెలిసిన మైదానపోళ్ళు వచ్చి పట్టాలు చేయించుకున్నరు. ఇంకో దిక్కు నుంచి జంగ్లాతోళ్ళు వచ్చి రిజర్వు ఫారెస్టు లైను గీసిన్రు. కొన్ని గూడేలకు ఇంటి ఎనుక నుంచే లైను పోయింది. రాత్రికి రాత్రి తాతలనాటి చేను నేరమైంది. దున్నితే జుర్మానా, మేపితే జుర్మానా, కట్టె కొడితే జుర్మానా.

కుమ్రం భీం పోరాటం ఈ లైను మీదనే. జల్, జంగిల్, జమీన్ అన్న మూడు మాటలు ఊరికే పుట్టలే. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల తూటాలకు భీం నేలకొరిగిండు. ఏటా ఆశ్వయుజ పున్నం నాడు ఆయన వర్ధంతి చేసుకుంటున్నం.

ఆ నెత్తురు సర్కారును కదిలించింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నిజాం సర్కారు ఆదివాసుల సంగతి చూడుమన్నది. ఆయన మార్లవాయిలో ఉండి, గూడెం గూడెం తిరిగి, భూములు ఎట్ల పోయినయో రాసిండు. తర్వాత ప్రత్యేక అధికారులను పెట్టి చేన్లు కొలిపించి, వేల ఆదివాసీ కుటుంబాలకు లావుణి కింద పట్టాలిచ్చిన్రు. అన్ని సమస్యలు తీరినయని మేం అంటలేం. కని ఒక్క సంగతి గమనించుండ్రి. అదే సర్కారు, అదే గొలుసు, అదే గుంట. మారింది ఒక్కటే, అడిగిన ప్రశ్న. శిస్తు ఎవరు కడతరు అని కాకుండ, ఈడ ఎవరు బతుకుతున్నరు అని అడిగిన్రు. అడగంగనే కాయితం మీద గోండు పేరు ఎక్కింది. అంటే సర్వే ఆఫీసు పుట్టుకతోనే చెడ్డది కాదు. దానికి పని చెప్పేటోళ్ళను బట్టి అది పనిచేస్తది.

ఒక్కసారి మోఖా మీదికి వచ్చిన్రు

1948 సెప్టెంబర్ తర్వాత జాగీర్లు రద్దయినయ్. 1949 ఆగస్టు 15న రెగ్యులేషన్ వచ్చింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. 1954-55లో, అంటే 1364 ఫస్లీలో, ఖాస్రా పహాణీ తయారు చేసిన్రు. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తది, యాది పెట్టుకోండ్రి, పాత కాయితాలు చదివేటప్పుడు పనికొస్తది. పట్టాదారు ఎవరు అన్నదాంతో ఆగకుండ, సాగులో ఎవరున్నరు అని నంబరు నంబరుకు రాసిన రికార్డు ఖాస్రా. ఇయ్యాల్టికీ కోర్టులో ఖాస్రాకు ఉన్న విలువ గందుకే. కౌలుదారీ చట్టం 38-ఈ కింద రక్షిత కౌలుదార్లకు 1973 నుంచి యాజమాన్య హక్కు వచ్చింది. కని ఖాస్రాలో పేరు రాసింది కూడా ఆ పట్వారే. దొర ముంగట నిలబడి 'ఈ చేను నేను దున్నుతున్న' అని చెప్పే దమ్ము ఉన్న ఊర్లల్ల పేర్లెక్కినయ్. లేని ఊర్లల్ల ఎక్కలే.

1956లో ఆంధ్రతోని కలిపిన్రు. మద్రాసు ప్రెసిడెన్సీ 1923లో చేసుకున్న సర్వే, హద్దుల చట్టాన్ని 1958లో తెలంగాణకూ తెచ్చిన్రు. చట్టం వచ్చింది గని గొలుసు రాలే. నిజాంనాటి సర్వే తర్వాత తెలంగాణ మొత్తాన్ని మళ్ళ కొలిచిన సర్కారు లేదు. ఉర్దూ చదివేటోళ్ళు కచ్చేరీలల్ల తగ్గిన్రు, సేత్వార్లు బీరువాలల్ల పడ్డయ్. కొన్ని టిప్పన్లు చీకిపోయినయ్, చిరిగిపోయినయ్. ఇంట్ల అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా పహాణీలో బై నంబరు ఏసిన్రు. 112కు అ, ఆ, ఇ అని తోకలు పెట్టిన్రు. నేల మీద కొలిచి పోడి చెయ్యలే, టిప్పన్ గియ్యలే. కొన్ని నంబర్లల్ల పాసుపుస్తకాల విస్తీర్ణమంత కలిపితే అసలు నంబరు కంటే ఎక్కువ వస్తది. కాయితం మీద ఉన్న భూమి నేల మీద ఏడికెళ్ళి వస్తది?

జగిత్యాల చెప్పింది, ఇంద్రవెల్లి చెప్పింది

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర తీసిన్రు. ఆ కాలంలో మన జిల్లా ఊర్లల్ల నడిచిన కొట్లాట చాలమటుకు ఏ భూముల మీద? దొరల కబ్జాలో ఉన్న బంజర్లు, శిఖాలు, పోరంబోకుల మీద. అంటే సర్వే రికార్డులో ఊరిదని, సర్కారుదని రాసి ఉన్న భూముల మీదనే. కాయితం సర్కారుదంటది, నేల దొరదంటది. ఈ రెంటి నడుమ ఉన్న అబద్ధాన్ని కూలి నాలి జనం బయటపెట్టిన్రు. అదే ఏడు అక్టోబర్లో సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. కొలిచి తేల్చాల్సిన పంచాయితీకి పోలీసు క్యాంపులు పెట్టింది. బందోబస్తు అన్న మాట అర్థం ఎట్ల మారిందో చూసిన్రు గదా.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి. గిరిజన రైతుకూలీ సంఘం సభకు గూడేల నుంచి వచ్చిన జనం మీద కాల్పులు. సర్కారు లెక్క 13 మంది. జనం లెక్క అంతకంటే చాల ఎక్కువ. వాళ్ళు అడిగిన వాటిలో మొదటిది దున్నుతున్న భూమికి పట్టా. ఆదివాసీ భూమి పరుల చేతికి పోవద్దని 1959 ఒకటో నంబరు రెగ్యులేషన్ ఉన్నది, 1963లో అది తెలంగాణకు వచ్చింది, 1970లో ఇంకా గట్టిచేసిన్రు. చట్టం ఇంత గట్టిగున్నప్పుడు భూమి ఎట్ల పోయింది? పహాణీలో రాత మారితే పోయింది. చట్టం ఢిల్లీలో, హైదరాబాద్‌లో ఉంటది. రాత ఊర్లె ఉంటది.

1984లో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసిన్రు. జనం సంతోషపడ్డరు, పడాల్సిందే. వంశపారంపర్య పెత్తనం పోయింది. కని దస్త్రం ఏమైంది? ఏండ్ల తరబడి పట్వారి ఇంట్ల ఉన్న కాయితాలల్ల ఎన్ని కచ్చేరీకి చేరినయ్, ఎన్ని చేరలే? మనిషిని తీసేసిన్రు గని ఆయన రాతను ఎవరూ మోఖా మీద సరిచూడలే. 2020లో వీఆర్‌ఓలను తీసేసిననాడు మళ్ళ అదే జరిగింది.

కంప్యూటర్లోకి ఎక్కిన పాత రాత

తెలంగాణ రావాలని మేం క్లాసులు వదిలి రోడ్డెక్కినోళ్ళం. 2014లో రాష్ట్రం వచ్చింది. 2016లో పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ ముక్కలై చిన్న జిల్లాలు వచ్చినయ్. జిల్లాల హద్దులు కొత్తగ గీసిన్రు. గెట్టు హద్దు మాత్రం పాతదే.

2017లో భూరికార్డుల ప్రక్షాళన చేసిన్రు. పేచీ ఉన్న భూములను పార్ట్-బి అని పక్కకు పెట్టిన్రు. పేచీ ఉన్నచోటనే గదా కొలత కావాల్సింది? 2020లో ధరణి వచ్చింది. పాత పహాణీలో ఉన్న సాగుదారు కాలం దాంట్ల లేకుండ పోయింది. అంటే 1954లో ఖాస్రా అడిగిన ప్రశ్నను కంప్యూటర్ మర్చిపోయింది. మళ్ళ మొదటి ప్రశ్నకే వచ్చినం: పట్టా ఎవరిది? 2021లో డిజిటల్ సర్వే చేస్తమని ప్రకటించిన్రు. రాష్ట్రమంతా జరగలే. అంతకుముందు 2000ల దశకంలో నిజామాబాద్ జిల్లాలో 'భూభారతి' పేరుతోని రీసర్వే మొదలుపెట్టిన్రు. అదీ రాష్ట్రమంతా సాగలే.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తం మీద లక్షన్నర మందికి, 4 లక్షల ఎకరాలకు పైగా ఇస్తున్నమన్నరు. వచ్చినకాడికి మంచిదే. కని రెవెన్యూ నక్షా, ఫారెస్టు నక్షా ఒకదానిమీద ఒకటి పరిచి, రెండు శాఖలు గూడెం ముంగట కూసొని తేల్చేదాకా లైను పంచాయితీ తెగదు.

2025లో ధరణిని తీసి భూభారతి చట్టం తెచ్చిన్రు. ఏప్రిల్ 14న మొదలుపెట్టిన్రు. రిజిస్ట్రేషన్ కాయితానికి సర్వే పటం జత చెయ్యాలని ఆ చట్టంలో ఉన్నది. లైసెన్సు సర్వేయర్లకు ట్రైనింగు ఇచ్చిన్రు. ఊర్లకు గ్రామ పాలన అధికారులను తెచ్చిన్రు. రాష్ట్రంలో 400లకు పైగా ఊర్లకు అసలు నక్షానే లేదని సర్కారే ఒప్పుకొని, ముందుగాల ఐదు ఊర్లను కొలవడానికి తీసుకున్నది. అందులో ఒకటి మన జగిత్యాల జిల్లా బీర్పూర్ మండలం కొమ్మనాపల్లి. చట్టంలో పటం మాట వచ్చుడు మంచిదే. ఆ పటం ఎట్ల తయారైతది అన్నదే మన ముంగటున్న పంచాయితీ.

రేపు గొలుసు ఉండదు. రోవర్ ఉంటది, ఉపగ్రహం ఉంటది. అంగుళం తేడా లేకుండ కొలుస్తమంటరు. కొలవనీయ్. కని మిషను చెప్పేది 'ఈ రాయి ఈడ ఉన్నది' అనే. ఆ రాయి ఆడ ఎవరు పాతిన్రు, ఎప్పుడు జరిపిన్రు అన్నది ఉపగ్రహానికి తెల్వదు. అది చెప్పాల్సింది ఊరు. ఓపెన్‌కాస్టుకు, ఎల్లంపల్లికి, మిడ్ మానేరుకు భూములిచ్చినోళ్ళను అడుగుండ్రి. పరిహారం చెక్కు మీద పేరు ఎవరిదైతదో చెప్పింది చెమట కాదు, రికార్డు. ఇప్పుడు జరిగే కొలత మళ్ళ వందేండ్లు మనల్ని కట్టేస్తది.

మనం అడగాల్సింది

ఒకటి. కొలత ఊరు ముంగట జరగాలె. గ్రామసభ పెట్టి, తేదీ చెప్పి, డప్పు చాటింపు వేయించి, పక్క చేన్లోళ్ళకు నోటీసు ఇచ్చి, పేచీ లేని రాయి నుంచి, మూడు ఊర్ల పొలిమేరలు కలిసే రాయి నుంచి మొదలుపెట్టాలె.

రెండు. సేత్వార్, ఖాస్రా, నక్షా తెలుగులో పంచాయితీ ఆఫీసు గోడకు ఎక్కాలె. ఉర్దూ దస్త్రాలను చదివి తెలుగు చేసే పని సర్కారు ఖర్చుతోని జరగాలె. మన ఊరి తల్లి కాయితం మన ఊర్లె ఉండాలె. హైదరాబాద్ నారాయణగూడ సర్వే ఆఫీసు చుట్టూ రైతు ఎందుకు తిరగాలె?

మూడు. సాగు ఎవరిది అన్న ప్రశ్న రికార్డులోకి మళ్ళ రావాలె. కౌలు రైతు పేరు, ఆడోళ్ళ పేరు రాయాలె. రైతు సచ్చిపోతే 'కౌలుదారు, రికార్డులో లేడు' అనే మాట ఇగ వినపడొద్దు.

నాలుగు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్ జిల్లాలల్ల రెవెన్యూ, ఫారెస్టు శాఖలు కలిసి కొలవాలె. పడావు పెట్టిన చేను కూడా చేనే అని రాయాలె. గోండి, కొలామి మాట్లాడేటోళ్ళు ఆ టీములో ఉండాలె.

ఐదు. శిఖం, గైరాన్, పోరంబోకులను ముందుగాల కొలవాలె. పట్టా భూమికి కాపలా పట్టాదారున్నడు. ఊరుమ్మడి భూమికి మనమే కాపలా.

ఆరు. లైసెన్సు సర్వేయరుకు ఫీజు కట్టలేని చిన్న రైతుకు సర్కారే ఉచితంగ కొలిచి పెట్టాలె. కొలత కొనుక్కునే సరుకైతే మళ్ళ ఉన్నోనికే గెట్టు.

ఆఖరికి సర్వే శాఖలో పనిచేసే అన్నలకు, చెల్లెండ్లకు ఒక మాట. మేం మీ మీద పగతోని మాట్లాడతలేం. ఎండలో తిరిగేది మీరే, రెండు దిక్కుల తిట్లు పడేది మీరే. మండలానికి ఒక సర్వేయరు కూడా దొరకని రోజులు మీరు చూసిన్రు. మీరు అడిగే ప్రశ్న మారాలని మాత్రమే అంటున్నం. 1940 తర్వాత ఆదిలాబాద్ గుట్టల్ల అది ఒక్కసారి మారింది. ఇప్పుడు ప్రతి ఊర్లె మారాలె.

మన ఊర్లోళ్ళకూ ఒక మాట. సర్వేయరు వచ్చిననాడు పని ఉన్నదని పట్నం పోకుండ్రి. ముసలోళ్ళను, ముసలమ్మలను చేతులు పట్టుకొని మోఖా మీదికి తీసుకుపోండ్రి. ఏ రాయి ఎప్పటిదో వాళ్ళకే తెలుసు. పంచనామా చదివినంకనే సంతకం పెట్టుండ్రి. చదువొచ్చిన పోరగాండ్లు, పోరీలు ఊరికి ఇద్దరు ముగ్గురన్నా టిప్పన్ చదువుడు నేర్చుకోండ్రి. ఎనుకట గొలుసు పట్టిననాడు మన తాతలు మూటలు మోసిన్రు. ఈసారి రాయి పాతేటప్పుడు మనం గెట్టు మీద ఉండాలె.

జై తెలంగాణ.